నాన్నగారికి మర్దన చేయించండి, వీపు తొక్కించడం మాత్రం ఈ రోజే ఆపండి

మీరు అడిగిన విషయాన్ని నాకు అర్థమైనంతలో ముందు చెప్పుకుంటాను. మీ నాన్నగారికి 62 ఏళ్లు. పుట్టి పెరిగింది కనిగిరి దగ్గరి పల్లెలో. తర్వాత పాతికేళ్లు చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో డ్రిల్లింగ్ పని చేశారు. ఇప్పుడు నడుము, మెడ బిగుసుకుపోయి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. సాయంత్రం మనవడిని వీపు మీద ఎక్కించుకుని తొక్కించుకుంటే ఆ కాసేపు హాయిగా ఉంటుందంటున్నారు. ఇంటికి వచ్చి మర్దన చేసే మనిషి ఒకాయన, పది రోజులు చేస్తే ఎముకలు సర్ది, ఒంట్లోని విషమంతా దించేస్తానని మాట ఇచ్చాడు. మీ అన్నయ్య అదంతా దండగంటున్నారు. చేయించాలా వద్దా అన్నది మీ సందేహం. దానితోపాటు, పుట్టి నెల కూడా కాని మీ చెల్లెలి బిడ్డకు నూనె మర్దన చేయవచ్చా అని కూడా అడిగారు.

చేయించండి. కానీ ఆ మర్దన మనిషి చెప్పిన కారణాలకు కాదు, అతను చెప్పిన పద్ధతిలోనూ కాదు. వీపు తొక్కించుకోవడం మాత్రం ఈ సాయంత్రం నుంచే ఆపించండి. కారణం కొంచెం కిందికి వెళ్లాక వివరంగా రాస్తాను. అది మీ నాన్నగారి ఊరితో ముడిపడి ఉంది.

నేను ఒంగోలులో 26 ఏళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. అయితే ఈ పని నాకు చదువుకంటే ముందే తెలుసు. మా అమ్మమ్మ సింగరాయకొండ దగ్గరి పల్లెలో మంత్రసాని. కానుపు అయ్యాక బాలింతకు ఒళ్లు పట్టడం, బిడ్డకు నూనె రాసి నీళ్లు పోయడం ఆమె చేతుల మీదే జరిగేవి. ఆమె దగ్గర నేర్చుకున్నది ఒక్కటే: చెయ్యి వేయగానే ఎదుటి ఒళ్లు ఏమంటుందో వినాలి. ఒళ్లు గట్టిపడితే చెయ్యి తేలిక చేయాలి. తర్వాత కాలేజీలో నేర్చుకున్న ఎముకలు, కండలు, నరాల పాఠాలన్నీ ఆ మాటకు అర్థం చెప్పడానికే పనికివచ్చాయనిపిస్తుంది.

మర్దన వల్ల ఒంట్లో నిజంగా ఏమి జరుగుతుందో చూద్దాం. గడపకు కాలి వేలు తగిలితే మనం ఆలోచించకుండానే అక్కడ చేత్తో గట్టిగా పట్టుకుని రుద్దుకుంటాం. నొప్పి కొంత తగ్గుతుంది. ఎందుకంటే స్పర్శను మోసుకెళ్లే నరాల కబురు వెన్నుపాము దగ్గరికి ముందుగా చేరి, నొప్పి కబురుకు దారి ఇరుకు చేస్తుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని ద్వారం మూసుకోవడంతో పోల్చి వివరించారు. చర్మంలో మరో రకం సన్నని నరాలున్నాయి. నెమ్మదిగా, గోరువెచ్చని చేత్తో నిమిరినప్పుడే అవి బాగా స్పందిస్తాయి. సెకనుకు సుమారు 3 సెంటీమీటర్ల వేగం వాటికి ఇష్టం. అమ్మ బిడ్డను జోకొట్టేటప్పుడు, తల నిమిరేటప్పుడు ఎవరూ చెప్పకుండానే ఆ చెయ్యి ఇంచుమించు ఆ వేగంలోనే కదులుతుంది. అలా నిమిరినప్పుడు గుండె వేగం తగ్గుతుంది, ఊపిరి లోతుగా సాగుతుంది, బిగబట్టిన కండ సడలుతుంది. నిద్ర రావడం అందువల్లే. ఇది భ్రమ కాదు. నాడీ వ్యవస్థ తన తీరు మార్చుకోవడం.

నడుము నొప్పి మీద 2011లో అమెరికాలో 401 మందితో జరిగిన ఒక పరిశీలన ఉంది. అందరివీ పాతబడిన నొప్పులే. కొందరికి ఒళ్లంతా సడలేలా మెత్తగా నిమిరే మర్దన, కొందరికి లోపలి కండలను వెతికి పట్టే మర్దన, వారానికి ఒకసారి చొప్పున పది వారాలు చేశారు. మిగతావారికి మామూలు వైద్యమే సాగింది. పది వారాల తర్వాత మర్దన చేయించుకున్నవారు మిగిలినవారికంటే తేలికగా లేచి, వంగి, పనులు చేసుకోగలిగారు. ఆ మేలు ఆరు నెలల వరకు కనిపించింది. ఏడాది తిరిగేసరికి తేడా చాలావరకు కరిగిపోయింది. నాకు ఇందులో అన్నిటికంటే విలువైనదిగా తోచేది వేరే ఉంది. మెత్తని మర్దన, లోతైన మర్దన రెండూ దాదాపు సమానంగానే పనిచేశాయి. కేకలు పెట్టించేంత గట్టిగా పిసికితేనే గుణం కనిపిస్తుందన్న నమ్మకం మనవైపు బలంగా ఉంది. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది మొదటి రోజు అడిగేది "ఇంకొంచెం గట్టిగా పట్టండమ్మా" అనే. ఆ అవసరం లేదు.

ఇక విషాలు దించడం గురించి. ఒంట్లోని మలినాలను వడకట్టేవి కాలేయం, మూత్రపిండాలు. వీపు మీద చేసే మర్దనతో దిగే విషం అంటూ ఏదీ లేదు. కష్టపడిన కండల్లో పేరుకున్న లాక్టిక్ ఆమ్లం మర్దనతో కొట్టుకుపోతుందని నా చదువు రోజుల్లో మాకు కూడా చెప్పారు. 2012లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంవారు 11 మంది యువకులను అలిసిపోయేదాకా సైకిలు తొక్కించి, ఒక్క కాలికి మాత్రమే పది నిమిషాలు మర్దన చేసి, రెండు తొడల నుంచీ చిన్న కండ ముక్కలు తీసి పరీక్షించారు. లాక్టిక్ ఆమ్లంలో తేడా లేదు. కానీ మర్దన చేసిన కాలి కండలో వాపును రేపే సంకేతాలు తగ్గాయి. అంటే మేలు జరుగుతోంది, మనం చెప్పుకునే కారణమే తప్పు. ఎముకలు సర్దడం కూడా ఇలాంటి మాటే. పాతికేళ్లు డ్రిల్లు పట్టిన వెన్నులో పది రోజుల్లో చేత్తో నెట్టి సర్దేది ఏమీ ఉండదు. అలా సర్దుతానన్న చేతికి మీ నాన్నగారి వెన్నును అప్పగించకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆయన కనిగిరి మనిషి అని చదవగానే నేను ఆగిపోయాను. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ నీటివల్ల ఎముకలు బిగుసుకుపోతున్నాయని 1937లోనే షార్ట్, పండిట్, రాఘవాచారి అనే వైద్య పరిశోధకులు రాశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బును గుర్తించిన తొలి రోజుల రాతల్లో అది ఒకటి. 2008-09లో కేంద్ర ప్రభుత్వం ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మొదటి విడత జిల్లాల్లో నెల్లూరు ఉంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. చిన్నప్పటి నుంచి అంతకు మించిన బోరు నీళ్లు తాగినవారి ఎముకల్లో అది ఏళ్ల తరబడి చేరుతూ వస్తుంది.

అలా చేరిన ఎముక ఎక్స్‌రేలో దట్టంగా, తెల్లగా కనిపిస్తుంది. చూస్తే బలమైనదనిపిస్తుంది. నిజానికి పెళుసు. వెన్నుపూసలను కలిపి పట్టి ఉంచే స్నాయువులు సున్నపు కట్టులా గట్టిపడతాయి. వెన్నుపూసల అంచుల్లో ఎముక మొలకల్లా పెరిగి, వెన్నుపాము వెళ్లే గొట్టం ఇరుకవుతుంది. మెడ తిరగకపోవడం, నడుము వంగకపోవడం అప్పుడు కండ పట్టేయడం వల్ల కాదు. తాడు కర్రగా మారినట్టు వెన్ను మారిపోవడం వల్ల. అటువంటి వీపు మీద ఒక పిల్లవాడు ఎక్కి గెంతితే, లేదా ఎవరైనా మెడను పట్టుకుని ఒక్క ఊపుతో తిప్పితే, ఆ ఇరుకు గొట్టంలోని వెన్నుపాము నలిగే ప్రమాదం ఉంది. కనిగిరి వైపు నుంచే ఒక పెద్దాయనను చాలా ఏళ్ల క్రితం మంచం మీద మోసుకొచ్చారు. అంతకు వారం ముందు దాకా కర్ర పట్టుకుని నడిచిన మనిషి. వీపు తొక్కించుకున్న మర్నాటి నుంచి కాళ్లు పట్టు తప్పాయి. ఆపరేషన్ తర్వాత కొంత కోలుకున్నారు కానీ తిరిగి పొలానికి వెళ్లలేకపోయారు. ఆ తొక్కిన మనవడు గది మూలన నిలబడి తాత కాళ్ల వైపే చూస్తూ ఉండడం నాకు ఇప్పటికీ గుర్తుంది. వాడికి ఎనిమిదేళ్లుంటాయి. మీ అబ్బాయికి అలాంటి జ్ఞాపకం వద్దు.

మీ నాన్నగారికి ఫ్లోరోసిస్ ఉందని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఇంట్లోనే చూసుకోదగిన మూడు పరీక్షలున్నాయి, ఫ్లోరైడ్ గ్రామాల్లో ఆరోగ్య సిబ్బంది చేసేవి ఇవే. నేల మీద ఒక రూపాయి బిళ్ల పెట్టి, మోకాళ్లు మడవకుండా వంగి తీయమనండి. గడ్డాన్ని ఛాతీకి ఆనించమనండి. రెండు చేతులూ పైకెత్తి తల వెనక ఆనించమనండి. అరవై దాటినవారికి మొదటిది మామూలుగానే కష్టం కావచ్చు. మూడూ కష్టమైతే, అందులోనూ ఆయన తోటివారిలో, అన్నదమ్ముల్లో కూడా ఇదే బిగుతు ఉంటే, ఎముకల డాక్టరుకు ఆయన కనిగిరి నీళ్ల సంగతి చెప్పి చూపించండి. వెన్నుతోపాటు ముంజేతికి కూడా ఎక్స్‌రే తీయిస్తారు, ఎందుకంటే ముంజేతి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడటం ఈ జబ్బుకు గట్టి గుర్తు. అది తేలేదాకా ఊపడం, విరవడం, మోకాలితో నొక్కడం, మెడ తిప్పించడం ఏవీ వద్దు. క్షౌరశాలలో తల మర్దన చివర మెడను రెండు వైపులా టక్కున విరుస్తారు చూశారా, అదీ వద్దు. అది నిజానికి ఎవరికీ మంచిది కాదు, మెడలోంచి మెదడుకు వెళ్లే రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి.

డ్రిల్లింగ్ పని గురించి కూడా ఒక మాట. యంత్రం అదురుకు ఏళ్ల తరబడి చేతులు ఒగ్గినవారికి వేళ్లు తిమ్మిరెక్కడం, చలికి తెల్లగా పాలిపోవడం ఉంటుంది. మర్దన దాన్ని నయం చేయలేదు. అది కూడా డాక్టరుకు చెప్పండి.

కాళ్ల నొప్పులకు మర్దన చేయించే ముందు రెండు పిక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇది నేను నా దగ్గర పనిచేసే పిల్లలందరికీ మొదటి రోజే నేర్పుతాను. ప్రాక్టీసు పెట్టిన మూడో ఏట ఒక మేస్త్రీ వచ్చారు. కాలి ఎముక విరిగి, కట్టు విప్పి వారం అయింది. పిక్క లాగుతోంది, కాస్త పట్టమని ఆయన భార్య అడిగింది. చెయ్యి వేస్తే ఆ పిక్క వేడిగా ఉంది, నున్నగా మెరుస్తోంది. టేపు పెట్టి కొలిస్తే రెండో పిక్కకంటే 3 సెంటీమీటర్లు లావు. చెయ్యి తీసేసి ఆసుపత్రికి పంపాను. డాప్లర్ స్కాన్‌లో లోపలి సిరలో రక్తం గడ్డ కనిపించింది. ఆ రోజు నేను పిక్క పిసికి ఉంటే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రమాదం ఉండేది. అదే జరిగితే మనిషి దక్కడం కష్టం. కట్టు విప్పాక, ఆపరేషన్ తర్వాత, రోజుల తరబడి మంచం పట్టాక ఒక్క కాలు మాత్రమే వాచి నొప్పిగా ఉంటే మర్దన అనే మాటే తలపెట్టకూడదు.

జ్వరం, చర్మం మీద పుళ్లు, ఈ మధ్యే వచ్చిన గుండెపోటు, అదుపులో లేని రక్తపోటు ఉన్నప్పుడూ ఆగాలి. రక్తం పలచబడే మందులు వాడేవారికి గట్టిగా పడితే లోపల రక్తం చిమ్మి నల్లగా కమిలిపోతుంది. మధుమేహంతో అరికాళ్లలో స్పర్శ పోయినవారికి వేడి నూనె కాలినా తెలియదు. పిల్లలు పడి మోచెయ్యి వాచినప్పుడు నూనె రాసి లాగి సరిచేయించడం మన పల్లెల్లో ఇంకా ఉంది, దాన్ని మాన్పించడానికి నేను గొంతు అరిగేలా చెబుతూనే ఉన్నాను. దెబ్బ తిన్న మోచేతిని అలా రుద్దితే కండలోనే ఎముక పెరిగి, చెయ్యి మడత పడకుండా బిగిసిపోతుంది.

నడుము నొప్పితోపాటు మూత్రం ఆగిపోవడం, కూర్చునే భాగంలో స్పర్శ పోవడం, పాదం పైకి లేవకపోవడం ఏది కనిపించినా మర్దన కోసం ఒక్క రోజు కూడా ఎదురుచూడకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చెల్లెలి బిడ్డ సంగతి. చేయవచ్చు, చేయాలి కూడా. మా అమ్మమ్మ కాళ్లు చాచి కూర్చుని బిడ్డను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుని నిమురుతుంటే ఆ బిడ్డ కళ్లు అరమోడ్పులయ్యేవి. 1986లో అమెరికాలో టిఫనీ ఫీల్డ్ అనే పరిశోధకురాలి బృందం నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు రోజుకు మూడుసార్లు, 15 నిమిషాల చొప్పున పది రోజులు మర్దన చేస్తే, మిగతా పిల్లలకంటే వాళ్లు రోజువారీ బరువు 47 శాతం ఎక్కువ పెరిగారు. మంత్రసానుల చేతులకు శాస్త్రం ఇచ్చిన సాక్ష్యంగా నేను దాన్ని చూస్తాను. కానీ అమ్మమ్మ చేసిన వాటిలో మూడింటిని నేను వదిలేశాను. చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు వేయకూడదు, ముక్కులో వేసినవి ఊపిరితిత్తుల్లోకి జారి నిమ్ము చేస్తాయి. పాలు తీయాలని పసిబిడ్డ రొమ్ములు పిండకూడదు, అవి చీము పడతాయి. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ పట్టకూడదు. కర్పూరం వేసి కాచిన నూనె పెద్దవాళ్ల మోకాళ్లకు సరే, పసివాళ్లకు మాత్రం దగ్గరికి కూడా రానివ్వకండి, ఫిట్స్ తెప్పిస్తుంది. కొబ్బరినూనె చాలు. బొడ్డు ఊడాక, పాలు తాగిన వెంటనే కాకుండా, అరచేతితో నిమరండి. ఏడిస్తే ఆపేయండి.

మళ్లీ మీ నాన్నగారి దగ్గరికి. ఎక్స్‌రే చూసి డాక్టరు ఫరవాలేదన్న తర్వాత బయటివారితో చేయించాలంటే, ఫిజియోథెరపీ చదివినవారినో, ఆయుర్వేద వైద్యుల పర్యవేక్షణలో చేసేవారినో చూసుకోండి. మొదటి రోజు ఆయన వయసు, మందులు, పాత దెబ్బల గురించి అడగకుండా నేరుగా నూనె తీసినవారైతే మర్నాడు పిలవకండి. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం ఇచ్చిన సూచనల్లో, కొత్తగా పట్టేసిన నడుముకు మందుల కంటే ముందు కాపడం, మర్దన లాంటివి చూడమన్నారు. పాతబడిన నొప్పికి మాత్రం వ్యాయామానికే పెద్ద పీట వేశారు. మీ నాన్నగారిది పాత నొప్పి. కాబట్టి మర్దనతో ఒళ్లు తేలికపడిన ఆ గంటలోనే ఆయనను నాలుగు అడుగులు నడిపించాలి. ఒట్టి మర్దనతో సరిపెడితే మేలు నిలవదు.

నిద్ర కోసం అయితే ఎవరినీ పిలవక్కర్లేదు. మీరే చేయవచ్చు. రాత్రి భోజనమై రెండు గంటలు గడిచాక నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి, మీ మణికట్టు మీద వేసుకుని వేడి చూసుకోండి. ఆయన చేతిని నమ్మకండి, వేళ్ల తిమ్మిరి ఉండవచ్చు. బోర్లా పడుకోవడం కష్టమైతే కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చోబెట్టి, ముందు బల్ల మీద దిండు వేసి తల ఆనించమనండి. వెన్ను మధ్య గాడిని వదిలేసి, దానికి అటూ ఇటూ రెండు అరచేతులూ ఆనించి నడుము నుంచి భుజాల దాకా నిమరండి. ఒక్కసారి పైకి వెళ్లడానికి పది నుంచి పదిహేను సెకన్లు పట్టాలి. మొదట అది చాలా నిదానంగా అనిపిస్తుంది, అదే సరైన వేగం. ఐదు నిమిషాల తర్వాత మెడకూ భుజానికీ మధ్య కండను అరచేతితో పట్టి మెత్తగా పిసికి వదలండి. నొప్పి పదికి ఎంత అని అడుగుతూ ఉండండి, మూడు దాటిందంటే చెయ్యి తేలిక చేయండి. ఆయన మాట్లాడటం మానేస్తే మంచిదే, మీరూ మానేయండి. మే నెల ఎండల్లో, అందులోనూ రోహిణి కార్తెలో, ఒళ్లంతా నూనె పూయకండి, చెమటకాయలు లేస్తాయి. ఆ రోజుల్లో పాదాలకు చేస్తే చాలు.

నిజానికి ఎప్పుడైనా పాదాలు వదలకూడదు. తల, చెవులు, పాదాలకు ప్రత్యేకంగా నూనె పట్టించమని అష్టాంగ హృదయం అనే ఆయుర్వేద గ్రంథంలో వాగ్భటుడు చెప్పాడు. ఆయనే అజీర్ణం ఉన్నప్పుడు వద్దన్నాడు కూడా. నా అనుభవంలో నిద్ర పట్టనివారికి పాదాల మర్దన ఇచ్చినంత తొందరగా ఇంకేదీ గుణం ఇవ్వలేదు. అరికాలిని రెండు బొటనవేళ్లతో మడమ నుంచి వేళ్ల వైపు నెమ్మదిగా నొక్కుతూ వెళ్లండి, ఒక్కో పాదానికి ఐదు నిమిషాలు. అయ్యాక పొడి గుడ్డతో నూనె పూర్తిగా తుడిచి, వేళ్ల సందులు కూడా తుడిచి, అప్పుడు లేవనివ్వండి. మీ ఇంట్లో నేల ఆయన పనిచేసిన ఆ చీమకుర్తి గ్రానైటే అయి ఉంటుంది, నూనె పాదానికి అది నిలవదు.